మీనాకుమారి తినని గుడ్లు

ఆ ఆదివారం ఉదయం సత్తిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. రైసుమిల్లు కూత వెయ్యకముందే మోపెడ్ తీసి సంతకు వెళ్ళాలి. రెండు పెట్టలు కొనాలి. వాటిని తవుడు సంచిలో పెట్టుకుని ఎవరి కంటా పడకుండా ఇంటికి చేరాలి. రెండంటే రెండే. మూడో కోడి ఆలోచన అప్పటికి ఆయన బుర్రలో లేదు.

మండపేట మిల్లుల వీధి మొదట్లో తవుడు, నూకలు, గానుగచెక్క అమ్మే కొట్టు ఆయనది. కొట్టు వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. ఇంట్లో ఆయనా, భార్య మీనాకుమారీ ఇద్దరే. ఏకాదశినాడు ఉల్లిపాయ కూడా ముట్టని వైశ్యుల ఇల్లు అది. గుడ్డు అన్న మాట ఎప్పుడైనా అనాల్సివస్తే గొంతు తగ్గించి అనేవారు.

అలాంటి ఇంటికి కోళ్ళ అవసరం ఎందుకొచ్చిందంటే, మీనాకుమారికి జబ్బు చేసింది. దాని పేరు పలకడానికి నోరు రాక ఇద్దరూ ‘ఆ జబ్బు’ అనేవారు. రాజమండ్రి ఆస్పత్రిలో మందు ఎక్కించుకుని వచ్చిన ప్రతిసారీ ఆమె ఇంకొంచెం తరిగిపోయి వచ్చేది. జుట్టంతా రాలిపోయింది. పాలు ఇమడటం లేదు, పప్పు పడటం లేదు. రోగులు ఏం తినాలో చెప్పడానికి ఆ ఆస్పత్రిలో సాయిసుధ అని ఓ అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి సత్తిరాజును పక్కకి పిలిచింది.

“అంకుల్, ఆంటీకి ఒంట్లో ప్రొటీన్ బాగా తక్కువుందండి. ఇంతలా నీరసపడిపోతే తరవాత డోసు ఇవ్వలేరు. రోజుకో గుడ్డు పెట్టండి.”

“అమ్మా, మా ఇళ్ళల్లో అది...”

“తెలుసండి. ఇక్కడికొచ్చే వాళ్ళలో సగంమంది అదే అంటారు. మందనుకుని పెట్టండి.”

మందనుకోవడానికి సత్తిరాజుకు అభ్యంతరం లేదు. ఎక్కడ కొనాలన్నదే సమస్య. గుడ్లు అమ్మే కొట్టు సరిగ్గా ఆయన కొట్టుకు ఎదురుగా ఉంది. అక్కడ గుడ్డు కొంటే మధ్యాహ్నానికల్లా వీధంతా తెలుస్తుంది. ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే జబ్బు సంగతి బయటపడుతుంది. “నన్ను చూడ్డానికి జనం రావద్దండీ, నేను తట్టుకోలేను” అని మీనాకుమారి ముందే మాట తీసుకుంది. తునిలో ఉన్న అక్క జానకీదేవికి కూడా ఆయన చెప్పలేదు. అందుకని బాగా ఆలోచించి ఓ తీర్మానానికి వచ్చాడు. కొనుక్కొచ్చిన గుడ్డయితే తప్పుగానీ, పెరట్లో కోడి పెట్టిన గుడ్డు ఇంటి చెట్టు కాయలాంటిదే.

సంతలో పని సజావుగానే జరిగింది. తిరుగుదారిలో గుడి కమిటీ పెద్ద గణేష్‌బాబు చెయ్యెత్తి ఆపాడు.

“ఆదివారం కూడా తవుడేనా సత్తిరాజుగారూ?”

“ఆయ్, తప్పదు కదండీ.”

సంచి కదిలింది. తరవాత ‘కొక్కొక్కో’ అంది. గణేష్‌బాబు సంచిని చూశాడు, సత్తిరాజును చూశాడు, మళ్ళీ సంచిని చూశాడు.

“తవుడు అరిచిందండీ.”

“కొత్తరకమండి,” అని సత్తిరాజు బండి ముందుకు దూకించాడు.

ఇంటికొచ్చి పెరట్లో సంచి విప్పగానే రెండు పెట్టలూ రెక్కలు విదిలించుకుని, ఆ పెరడు తమ పుట్టిల్లయినట్టు మట్టి గీకడం మొదలెట్టాయి. ఒకటి ఎర్రది, ఒకటి బూడిదరంగుది. చప్పుడుకు మీనాకుమారి గోడ పట్టుకుంటూ వెనక వసారాలోకి వచ్చింది. తలకు పమిట గట్టిగా చుట్టుకుంది. మందు మొదలయ్యాక ఆమె పెరట్లోకి రావడం అదే మొదలు.

“ఇవేంటండీ?”

“జెర్రులు ఎక్కువయ్యాయి కదే. కోళ్ళుంటే ఏరుకుతింటాయని.”

“జెర్రుల కోసం మీరు కోళ్ళు కొన్నారా?” అంటూ మెట్టు మీద కూర్చుంది. భార్య దగ్గర సత్తిరాజు ఏనాడూ నాలుగు మాటల కంటే ఎక్కువ అబద్ధమాడలేడు. అయిదో మాటకు నిజం బయటపడింది. ఆమె మట్టి గీకుతున్న కోళ్ళ వంక చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

“సరే. కానీ నేనే ఉడకబెట్టుకుంటాను. నేను తింటుంటే మీరు చూడకూడదు. గుడ్లు బయట పొయ్యి దగ్గర గూట్లో పెట్టి మీరు కొట్లోకెళ్ళిపోండి.”

సత్తిరాజుకు ప్రాణం లేచొచ్చింది. మర్నాటినుంచీ పొద్దున్నే కోళ్ళు పెట్టిన గుడ్డు గూట్లో పెట్టి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేసరికి గూడు ఖాళీ. “తిన్నావా?” అంటే “ఆ” అనేది. “ఎలా ఉంది?” అంటే “మందులాగే ఉంది” అనేది. ఇంకోమాట కూడా చెప్పింది. “స్నానాల గది వెనక కట్టెల దగ్గర పాము కుబుసం కనిపించిందండీ. మీరు అటెళ్ళకండి.” పామన్న మాట వింటేనే సత్తిరాజుకు చచ్చేంత భయం. ఆయన అటు చూడటం కూడా మానేశాడు.

కొన్నాళ్ళకు ఎర్రపెట్ట కనిపించడం మానేసింది. “కట్టెల సందులో జెర్రులు ఏరుకుంటోందండీ” అంది మీనాకుమారి. బూడిదపెట్ట తిరుగుతూనే ఉందిగానీ దాని గుడ్లూ తగ్గాయి. రోజుకో గుడ్డని సాయిసుధకు మాటిచ్చిన సత్తిరాజు కంగారుపడ్డాడు. ఈ రెండూ చేతకాని కోళ్ళని తేల్చుకుని, సంతకెళ్ళి ఇంకో రెండు తెచ్చాడు. ఈసారి గణేష్‌బాబు వీధి తప్పించి చుట్టుదారిన వచ్చాడు. ఇంకొన్నాళ్ళకు వాటిలో ఒకటి మాయమై మరో సందులో జెర్రులు ఏరడానికి వెళ్ళింది. మళ్ళీ సంత. తన పెరట్లో ఇన్ని జెర్రులున్నాయా అని ఓ సాయంత్రం ఆశ్చర్యపోయాడే తప్ప ఆయనకు వేరే అనుమానం రాలేదు. భార్య గుడ్లు తింటోంది. అంతకుమించి ఆయనకు ఏదీ కనపడలేదు.

రాజమండ్రిలో సాయిసుధ మాత్రం బరువు యంత్రం వంక చూసి మొహం ముడుచుకుంది.

“రోజూ తింటున్నారు కదా ఆంటీ?”

“తింటున్నానమ్మా,” అంది మీనాకుమారి కిటికీ వైపు చూస్తూ.

“తింటోందమ్మా. నేను స్వయంగా పెడుతున్నా,” అన్నాడు సత్తిరాజు.

“మరి మళ్ళీ తగ్గారేంటండీ? ఇకమీద రోజుకి రెండు పెట్టండి.”

దానికోసం సత్తిరాజు ఇంకో రెండు కోళ్ళు కొన్నాడు.

ఆ వారమే ఓ ఉదయం ఆయన వసారాలో పళ్ళు తోముకుంటున్నాడు. స్నానాల గది వెనకనుంచి ఎర్రపెట్ట నడుచుకుంటూ వచ్చింది. దాని వెనక పిల్లలు. పసుపువి, నల్లవి, చారలవి. ఒకదాని మీద ఒకటి పడుతూ లేస్తూ, కిచకిచలాడుతూ. ఆఖరి పిల్ల కూడా వచ్చేసిందనుకుంటుంటే కట్టెల అటువైపునుంచి మరో పెట్ట, దాని వెనక మరో మంద. సత్తిరాజు నోట్లో నురుగు నోట్లోనే ఉంది. గూట్లోంచి మాయమైన గుడ్లన్నీ ఒక్కొక్కటిగా ఆయన కళ్ళముందు కాళ్ళొచ్చి నడిచిపోతున్నాయి.

వెనక్కి తిరిగి చూశాడు. మీనాకుమారి తలుపు దగ్గర నిలబడి ఉంది.

“ఒక్కటీ తినలేదా?” అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

“అబద్ధం చెప్పావా నాకు? ఇన్నాళ్ళూ? నువ్వు తిని బతుకుతావని నేను... ఆ సాయిసుధ దగ్గర నేను గొప్పలు చెప్పుకున్నానే!” పెళ్ళయ్యాక ఆయన అంత గట్టిగా అరవడం అదే మొదలు. కోడిపిల్లలు బెదిరి తల్లుల రెక్కల కిందికి దూరాయి.

మీనాకుమారి మెల్లగా మెట్టు మీద కూర్చుంది. “తిందామనే అనుకున్నానండీ. మొదటిరోజు గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. నీళ్ళు మరుగుతున్నాయి. వెయ్యలేకపోయాను.” కాసేపు ఊపిరి తీసుకుంది. “ఆస్పత్రికెళ్ళిన ప్రతిసారీ రక్తం తగ్గింది, బరువు తగ్గింది, అది తగ్గింది, ఇది తగ్గింది అంటారు. ఈ పెరట్లోనైనా ఏదో ఒకటి పెరుగుతుంటే చూడాలనిపించింది. అంతేనండీ.”

సత్తిరాజు నోరు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు కుళాయి దగ్గరే ఉండిపోయాడు.

అసలు పుంజు లేని ఇంట్లో పిల్లలెలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు ఆ సాయంత్రమే గోడ దూకి వచ్చింది. పక్కింటి శ్రీనివాసరాజుకు భీమవరం వైపు రొయ్యల చెరువులున్నాయి, ఇక్కడ పెరట్లో పందెం పుంజులున్నాయి. వాటిలో బాదంపప్పు తినే ఎర్రటి డేగ జాతి పుంజు ఒకటి. ఇక్కడ పెట్టలు దిగినప్పటినుంచీ అది ఈ పెరటికి రాకపోకలు సాగిస్తోంది. డేగ వెనకే రాజుగారు కూడా వచ్చారు. పిల్లల్ని చూసి ఆయన కళ్ళు మెరిశాయి.

“సత్తిరాజుగారూ, ఇవి మా డేగ పిల్లలండీ! ఆ మెడ చూడండి, ఆ నిలబడ్డం చూడండి. పుంజుపిల్లలన్నీ నాకిచ్చెయ్యండి. పెట్టలు మీరుంచుకోండి.”

సత్తిరాజు సంతోషంగా ‘అలాగేనండి’ అనబోయాడు. వసారాలోంచి మీనాకుమారి గొంతు వినిపించింది. “ఎందుకండీ రాజుగారూ? కాలికి కత్తి కట్టడానికా?”

రాజుగారు ఇబ్బందిగా నవ్వారు. “అది జాతి లక్షణం కదమ్మా...”

“ఇవ్వనండి. ఒక్కటి కూడా ఇవ్వను.”

అంత నీరసంలో అంత గట్టిగా మాట్లాడిన భార్యను చూసి సత్తిరాజు నోరు మూసుకున్నాడు. రాజుగారు నొచ్చుకుని వెళ్ళిపోయారుగానీ, డేగ మీద ఉన్న అభిమానం చంపుకోలేక ఊళ్ళో చెప్పారు. ‘తవుడు కొట్టు సత్తిరాజుగారి దగ్గర అసలైన నాటు జాతి ఉందండీ’ అన్న మాట చెరువు గట్లమీద మొదలై, మిల్లుల్లో తిరిగి, ఆదివారానికల్లా ఇంటిముందుకొచ్చింది. తెల్లారేసరికి గుమ్మంలో సంచులతో మనుషులు.

“నాటుకోడి కిలో ఎంతకిస్తున్నారండీ?”

“అమ్మట్లేదండీ.”

“కోసి ఇస్తారా, అలాగే పట్టుకెళ్ళాలా?”

“అయ్యా, అమ్మటమే లేదు!”

“అయిపోయాయంటారా? అయితే వచ్చే వారానికి రెండు నా పేరున ఉంచండి.”

అమ్మడని అందరికీ అర్థమవడానికి కొన్ని ఆదివారాలు పట్టింది. అర్థమైన తరవాత ఇంకో చిక్కు వచ్చింది. ఆ ఇంట్లో కోడిని కొయ్యరు, కొయ్యనివ్వరు అని తెలిసిపోవడంతో, కొయ్యడానికి మనసొప్పనివాళ్ళందరికీ దారి దొరికింది. వీధి చివర అంగన్‌వాడీలో ఆయాగా చేసే రాణి మొదట వచ్చింది. చంకలో ఓ ముసలి పెట్ట.

“అన్నయ్యగారూ, ఇది గుడ్లు మానేసిందండీ. మా ఆయన కూర వండెయ్యమంటున్నాడు. ఏడేళ్ళనుంచీ నా వెనకే తిరుగుతోందండీ ఇది. మీ పెరట్లో ఓ మూల పడి ఉంటది.”

సత్తిరాజు వద్దనడానికి నోరు తెరిచేలోపే మీనాకుమారి చేతులు చాచింది. తరవాత ఒకరు కుంటి పుంజును తెచ్చారు. ఒకరు జాతరలో పిల్లలు ముచ్చటపడి కొనుక్కుని విసుగుపుట్టి వదిలేసిన గులాబీరంగు, ఆకుపచ్చరంగు కోడిపిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చారు. ఇంకొందరు చెప్పకుండానే గేటు సందులోంచి వదిలిపోయారు. లెక్కపెడదామని సత్తిరాజు రెండుసార్లు కూర్చున్నాడుగానీ, అవి ఒకచోట నిలబడవు. రెండుసార్లూ రెండు లెక్కలొచ్చాయి. కొట్లో అమ్మాల్సిన నూకలు పెరట్లోకి పోతున్నాయి. ఆయన పైకి సణుగుతూనే ఉన్నాడు. కానీ మీనాకుమారి పొద్దున్నే లేచి, గోడ పట్టుకుని, మెట్టు మీద కూర్చుని గుప్పిటతో నూకలు చల్లుతుంటే, ఆ సణుగుడు ఆయన నోట్లోంచి బయటికొచ్చేది కాదు.

ఈ సంగతి తునికి ఫోన్ చేసి చెప్పింది గణేష్‌బాబే. ‘మీ తమ్ముడు కోళ్ళ వ్యాపారం పెట్టాడండి, మన కులంలో తలెత్తుకోలేకపోతున్నాం’ అన్నాడు. మర్నాడే జానకీదేవి రైలెక్కింది. ఆవిడ మడి కట్టుకుంటే పొయ్యి కూడా భయపడుతుందని చుట్టాలంటారు. గుమ్మంలో ఆటో దిగి, ముక్కుకు పమిటచెంగు అడ్డం పెట్టుకుని, సరాసరి పెరట్లోకి వచ్చింది. ఆకుపచ్చ కోడిపిల్ల ఒకటి ఆవిడ పాదం మీద ఎక్కింది.

“ఒరేయ్ సత్తీ! ఏంట్రా ఇది? నాన్నగారు పూజచేసిన ఇల్లురా ఇది!”

“అక్కయ్యా, నేను చెబుతాను, కూర్చో...”

“ఎక్కడ కూర్చోమంటావురా? ఈ రెట్టల్లోనా? తవుడమ్ముకుని బతకలేకపోయావా? నువ్వయినా చెప్పొద్దుటే మీనా? ఇంటి ఇల్లాలివి, నువ్వు చూస్తూ ఎలా ఊరుకున్నావే?” అంటూ వసారాలో ఉన్న మీనాకుమారి వైపు తిరిగింది.

ఆడబిడ్డ వచ్చిందని మీనాకుమారి కంగారుగా లేవబోయింది. లేస్తూ స్తంభం పట్టుకోవడంలో తలమీది పమిట జారిపోయింది.

 జానకీదేవి వెంట్రుక లేని ఆ తల, ఎముకలు తేలిన ఆ మెడ, గుంటలు పడ్డ ఆ కళ్ళు చూసింది. మీనాకుమారి తడుముకుంటూ పమిట వెతుక్కుంటోంది. ముక్కుకు అడ్డం పెట్టుకున్న చెంగు పెద్దావిడ చేతిలోంచి జారిపోయింది. ఆవిడ రెట్టల్లోనే నడుచుకుంటూ వెళ్ళి, పమిట తీసి, మరదలి తలకు తనే చుట్టింది.

“ఎన్నాళ్ళనుంచే?” అని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం విషయమంతా చెప్పుకున్నాక జానకీదేవి కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పింది. “గుడ్డు తింటే బలమొస్తుందని డాక్టర్లంటే తినవే తల్లీ. ఆ పాపమేదో నాకు చుట్టుకోనీ.”

“నావల్ల కాదు వదినా.”

“మరి మేమేం చెయ్యాలే? చూస్తూ కూర్చోవాలా?”

మీనాకుమారి భర్త వైపు చూసింది. చాలారోజుల తరవాత ఆమె కళ్ళల్లో కొంటెతనం కనిపించింది. “ఆయన తింటే నేనూ తింటాను.”

సత్తిరాజుకు యాభై దాటాయి. కేకులో గుడ్డుంటుందేమోనన్న అనుమానంతో పెళ్ళిళ్ళలో కేకు కూడా ముట్టనివాడు. అక్క వంక చూశాడు. అక్క గోడ వైపు తిరిగింది. “నేనేం చూడట్లేదురా. కానియ్.”

గుడ్లు ఉడకబెట్టడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు. అంగన్‌వాడీలో పిల్లలకు రోజూ ఉడకబెట్టే రాణిని పిలిపించారు. పొదగని కోళ్ళు పెట్టిన గుడ్లు, డేగ గోడ దూకకుండా తడికె కట్టి, కుంటి పుంజును విడిగా కట్టేశాక పెట్టినవే, తీసుకున్నారు. పిల్ల అయ్యే గుడ్డు తినకూడదని మీనాకుమారి షరతు. రాణి పెంకు తీసి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి, పళ్ళెం సత్తిరాజు ముందు పెట్టింది. ఆయన దండం పెట్టుకున్నాడు. ఏ దేవుడికో ఆయనకే తెలియదు. కళ్ళు మూసుకుని గుడ్డు మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాడు.

“అయ్యో, కొరుక్కుని తినాలండీ!” అంది రాణి.

అప్పటికే ఆలస్యమైంది. బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. మింగుడుపడదు, ఉమ్మలేడు. పచ్చసొన గొంతుకు అడ్డంపడి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. రాణి నీళ్ళు తెచ్చింది, గోడ వైపు తిరిగిన అక్క వచ్చి వీపు చరిచింది. మీనాకుమారి నవ్వడం మొదలెట్టింది. మొదట మెల్లగా, తరవాత పొట్ట పట్టుకుని, ఆఖరికి ఆయాసమొచ్చేలా. ఎప్పటికో సత్తిరాజు మింగాడు.

“ఎలా ఉందండీ?” అంది.

“మందులాగే ఉందే,” అన్నాడు.

మీనాకుమారి తన గుడ్డును నాలుగు ముక్కలు చేసుకుని, ఒక్కొక్కటే, కళ్ళు మూసుకోకుండా తింది.

అప్పటినుంచీ రోజూ ఇద్దరూ తిన్నారు. పొద్దున్నే మెట్టు మీద పక్కపక్కన కూర్చుని, ఒకరినొకరు చూసుకుంటూ. జానకీదేవి తునికీ మండపేటకూ మధ్య తిరుగుతుండేది. వచ్చిన ప్రతిసారీ ఆ సమయానికి గోడ వైపు తిరిగి కూర్చునేది. సాయిసుధ బరువు చూసి సంతోషపడింది. “చూశారా ఆంటీ! ముందే తినుంటే ఎంత బాగుండేది?” అంది. సత్తిరాజు ఆ పిల్లకు మిఠాయి పెట్టె ఇచ్చాడు. పెరిగిన ఆ కాస్త బరువునూ పట్టుకుని, ఇంటికొచ్చే దారంతా వాళ్ళిద్దరూ వచ్చే ఏడు చెయ్యాల్సిన పనుల గురించి మాట్లాడుకున్నారు.

కానీ ఆ జబ్బు గుడ్లకు లొంగేది కాదు. తినని రోజుల్లో ఎంత వేగంగా నడిచిందో తిన్న రోజుల్లోనూ అంతే నడిచింది. తరవాత తీసిన స్కానింగులో అది కాలేయానికి పాకిందని తేలింది. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిన మాటల్లో సత్తిరాజుకు సగమే అర్థమైంది. ఆ సగమే ఎక్కువైంది. ఇంక ఇంటిదగ్గరే ఉంచుకోమన్నారు.

“మంచం వసారాలో వెయ్యండి,” అంది మీనాకుమారి. అక్కడినుంచి ఆమెకు పెరడంతా కనిపించేది. చెయ్యి ఎత్తలేని రోజుల్లో ఆయన ఆమె గుప్పిట్లో నూకలు పోసి, ఆ గుప్పిటను తన చేత్తో పట్టుకుని విసిరించేవాడు.

“ముందే తినాల్సిందేమోనండీ,” అంది ఓ రోజు.

“తినుంటే ఇవేవీ ఉండేవి కావు కదే,” అన్నాడు సత్తిరాజు. ఆ మాట ఓదార్పో నిష్ఠూరమో ఆయనకే తెలియలేదు. ఆమె మాత్రం ఓదార్పుగానే తీసుకుంది.

వానలు మొదలవకముందే మీనాకుమారి వెళ్ళిపోయింది. ఆ ఉదయం మేత వేసేవాళ్ళు లేక కోళ్ళన్నీ వసారాలోకి ఎక్కి జనం కాళ్ళమధ్య తిరిగాయి. పాడె కట్టేవాళ్ళు కర్ర తీసుకుని అదిలించబోతే, “కొట్టకండయ్యా” అన్నాడు సత్తిరాజు. ఆ రోజంతటిలో ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

కర్మకాండలయ్యాక ఆయన పెరటి తలుపు తియ్యడం మానేశాడు. తీస్తే అవన్నీ పరుగెత్తుకొస్తున్నాయి. వచ్చి ఆయన్ని దాటి, వెనక ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు గుమ్మంలోకి చూస్తున్నాయి. అదాయన తట్టుకోలేకపోయాడు.

“ఇచ్చెయ్యరా ఎవరికైనా. ఎవరికోసం ఇంక?” అంది జానకీదేవి.

ఆయన కోళ్ళను కొయ్యబోమని ఒట్టు వేయించుకుని మరీ వీధిలోవాళ్ళకు పంచాడు. రాణి కొన్ని తీసుకుంది. కత్తి కట్టనని తన డేగ మీద ప్రమాణం చేసి రాజుగారు కొన్ని తీసుకున్నారు. అప్పట్లో గేటు సందులోంచి వదిలిపోయినవాళ్ళు సిగ్గుపడుతూ వచ్చి తలా ఒకటి పట్టుకెళ్ళారు. మధ్యాహ్నానికల్లా పెరడు ఖాళీ అయిపోయింది. ఊడ్చిన నేల మీద ఈకలు ఎగురుతున్నాయి. ఇల్లంతా నిశ్శబ్దం. మీనాకుమారి నిజంగా వెళ్ళిపోయిందని సత్తిరాజుకు అప్పుడే తెలిసింది. వసారాలో ఆమె మంచం ఉన్న చోట నేలమీదే పడుకుని, గోడ వైపు తిరిగాడు. అన్నానికి పిలిస్తే లేవలేదు. జానకీదేవి కూడా తినలేదు.

సాయంత్రం దీపం పెట్టేవేళ గోడమీద చప్పుడైంది. ఎర్రపెట్ట. అది ఓసారి పెరడంతా కలియజూసి కిందికి దూకి, తను ఎప్పుడూ పడుకునే స్నానాల గది రేకు కిందికి వెళ్ళింది. కాసేపటికి గేటు సందులోంచి రెండు దూరాయి. తడికె మీదనుంచి నాలుగు. రాణి ఇంటివైపునుంచి వరసగా కొన్ని. చీకటిపడే వేళకు కోడి తన గూటికే పోతుందని, పక్కవీధికి పంచినా అంతేనని, తవుడమ్ముకునే సత్తిరాజుకు ఎవరూ చెప్పలేదు. ఆయన లేచి కూర్చున్నాడు. కుంటి పుంజు అన్నిటికంటే ఆఖరున, వీధంతా కుంటుకుంటూ వచ్చింది.

అవి ఒంటరిగానూ రాలేదు. రాణి సొంత కోళ్ళు రెండు వాటితోపాటు వచ్చేశాయి. తడికె విరగ్గొట్టుకుని డేగ వచ్చింది. ఎవరివో తెలియని బాతులు మూడు వచ్చాయి. వాటి వెనక పెద్ద సీమకోడి ఒకటి మెడ ఊపుకుంటూ గేటు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అన్నట్టు అరిచింది. పొద్దున పంచినవాటికంటే పెరట్లో ఇప్పుడున్నవే ఎక్కువ.

రాణి రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చింది. “అన్నయ్యగారూ, మావి కూడా... ఒట్టండీ, గంప కింద మూశాను. ఎలా వచ్చాయో...”

సత్తిరాజు వసారాలోంచి లేచి వచ్చాడు. మెట్టు మీద కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. శ్మశానంలో రాని ఏడుపు, కర్మల్లో రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. గొంతెత్తి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాణి తన కోళ్ళను పట్టుకోకుండానే వెళ్ళిపోయింది. ఎర్రపెట్ట రేకు కిందనుంచి వచ్చి, మేత ఎందుకు వెయ్యడంలేదో అర్థంకాక ఆయన కాలివేలు పొడిచింది.

జానకీదేవి తలుపు దగ్గర నిలబడి తమ్ముణ్ణి చూసింది. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళింది. చేటతో నూకలు తెచ్చి మెట్టు మీద కూర్చుంది. మొదటి గుప్పిట దూరంనుంచే విసిరింది. రెండో గుప్పిటకు చెంగు తీసేసింది.

“ఒరేయ్ సత్తీ, ఈ బాతులు నూకలు తింటాయా, వాటికి ఇంకేమైనా పెట్టాలా?”

“తెలియదక్కయ్యా.”

“రేపు కనుక్కో,” అంది జానకీదేవి. రేపటి తుని రైలుకు తీసిన టికెట్‌ను మోకాళ్ళ నొప్పుల కారణంగా రద్దు చెయ్యమని కూడా చెప్పింది.